గిన్నెలో ఎడమ చెయ్యి

గ్వాంగ్జౌ,
మంగళవారం.

అమ్మకు,

నీ రెండో కొడుకు జుమానా సలాము చెప్పి రాస్తున్న ఉత్తరం. నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ, ద్రిస్సా అన్నయ్యా, వదినా, పిల్లలూ, తెనినూ బాగున్నారని నీ ఉత్తరం వల్ల తెలిసింది. ఇదివరకు ప్రతిసారీ "ఇక్కడ నేనూ సియాకా క్షేమం" అని మొదలుపెట్టేవాణ్ణి. ఈసారి ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపాను.

తెనిన్‌కి ఒక మాట. చెల్లీ, దీన్ని వాకిట్లో నలుగురి మధ్య కూర్చుని చదవకు. అమ్మను లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసి చదువు. ఎక్కడైనా నీకు చదవబుద్ధి కాకపోతే కాసేపు ఆగు, కానీ దాటెయ్యకు. రాసింది రాసినట్టే అమ్మ వినాలి.

అమ్మా, నీ ఉత్తరం కిందటి శుక్రవారం చేరింది. అడిగినవన్నీ మళ్ళీ చదువుకుని జవాబు రాస్తున్నాను.

చలి నువ్వు భయపడినంత లేదు. కానీ తడి చలి. గోడలకు చెమ్మ పడుతుంది, ఉతికిన చొక్కా మూడు రోజులకు గాని ఆరదు. మందపాటి దుప్పటి కొనుక్కున్నాను. పని అదే గోదాములో. మనవాళ్ళు కొన్న బట్టలూ చెప్పులూ మూటలు కట్టి, నాలుగో అంతస్తు నుంచి భుజాన వేసుకుని దింపి లారీకి ఎక్కిస్తాం. లిఫ్టు ఇంకా బాగుచెయ్యలేదు. ఎర్ర ఎద్దు గిట్టల మధ్య పుండును రోజూ ఉప్పునీళ్ళతో కడగమని అన్నయ్యకు చెప్పు. మానేదాకా బండికి కట్టొద్దు. కట్టేస్తాడు, నాకు తెలుసు. నువ్వు గట్టిగా చెప్పు. పెళ్ళి మాట ఇప్పుడు వద్దు.

అక్కడికీ ఇక్కడికీ తిరిగే కాదియక్క చేత నువ్వు పంపిన మూట నెల కిందటే చేరింది. సజ్జపిండి, ఎండు బెండపొడి, పులియబెట్టిన గింజల సుంబలా ఉండలు, పొగ పెట్టిన చేప, ఏదీ చెడిపోలేదు. ఏడు గుడ్డలు చుట్టినా సుంబలా వాసన ఆగలేదనీ, విమానంలో పక్క సీటాయన దిగేదాకా ముక్కు మీద రుమాలు తియ్యలేదనీ అక్క చెప్పింది. ఆ సంగతి విని సియాకా నేల మీద పడి నవ్వాడు.

ఆ పిండి తన బిడ్డ సియాకా నోట్లో పడిందా లేదా అని వొరోకియా పెద్దమ్మ అడగమన్నదని రాశావు. పడింది. మూడు ముద్దలు తిన్నాడు. నెల కిందటి ఆ ఆదివారం మధ్యాహ్నం కాదియక్క గదిలో ఆ పిండితోనే సంకటి చేసుకున్నాం. ఆ గిన్నె దగ్గరే అతను పోయాడు.

ఇంకో రెండు ప్రశ్నలున్నాయి నీ ఉత్తరంలో. కొడుకు ఆఖరిగా ఏమన్నాడో పెద్దమ్మ అడుగుతోందని ఒకటి. అతను పోయిన నలభయ్యో రోజున మన ఇంటి తరఫున ఏం వేషం కట్టాలని అన్నయ్య అడిగింది రెండోది. రెండింటికీ జవాబు ఒకటే. అందుకే అసలు జరిగింది మొదటినుంచీ రాస్తున్నాను. ఫోనులో మీరు విన్నది నిజం కాదు.

ఆ రోజు గిన్నె చుట్టూ అయిదుగురం. లాసినా బాబాయి, ఇక్కడి మాలీవాళ్ళకు పెద్దదిక్కు, ఆయన సంగతి ఇదివరకు రాశాను. వండింది కాదియక్క. అవును, మాతోపాటే కూర్చుని తింటుంది, ఇక్కడ ఆడవాళ్ళకు వేరే గిన్నె లేదు. తర్వాత సియాకా, నేను. అయిదోవాడు లువో. మా గోదాములో మూటలు కుట్టే చీనా ఆయన, యాభై దాటిన మనిషి. మూడేళ్ళుగా మాతో పనిచేస్తూ మా తిండి ఎలా ఉంటుందో చూడాలంటుంటే సియాకాయే పిలిచాడు.

లువోకి మా ఇద్దరి సంగతి మొదటినుంచీ వింతే. మొదటి ఏడాది ఒకసారి మమ్మల్ని విడదియ్యడానికి మధ్యలో దూరాడు. సియాకా నన్ను బానిసా అంటున్నాడని ఎవరో అతనికి చెప్పారట. నేను నాకొచ్చిన చీనా మాటల్లో చెప్పాను: "వాడిది కోనే వంశం, నాది దెంబెలే వంశం. ఒకరినొకరు బానిసా అనీ, అలసందల తిండిపోతా అనీ ఏడిపించుకుంటాం. మా తాతల తాతల నాటినుంచీ ఇంతే. ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకుంటే తప్పు." అతను సూది పక్కన పెట్టి, "అయితే నిజంగా పోట్లాట వస్తే ఏం చేస్తారు?" అని అడిగాడు. మేమిద్దరం నవ్వేశాం.

ఆ రోజూ కాదియక్క గిన్నె దించుతుండగానే ఎగతాళి మొదలైంది.

"చేతులు కడుక్కోండి. కోనే, నువ్వు రెండుసార్లు కడుక్కో."

"ఎందుకక్కా? నా చేతులు బంగారం."

"బంగారమే. గోళ్ళల్లో అలసందల పొట్టు ఇంకా పోలేదు," అన్నాను నేను.

"ఒరే, నా బానిస నోరెత్తుతున్నాడు, విన్నావా అక్కా? మీ తాతను మా తాత కుండెడు అలసందలకు కొన్నాడురా. ఆ కుండ కూడా చిల్లుదే."

"కొని ఏం చేశాడు? అలసందలు మీరే తినేసి మా తాతను పస్తు పెట్టారు. ఇప్పటికీ ఆ ఆకలి తీరలేదు నాకు. ఆ పక్కకు జరుగు."

లాసినా బాబాయి బిస్మిల్లా చెప్పి మొదటి ముద్ద తీసుకున్నాడు. "తినేటప్పుడు మాటలేమిట్రా? మీ అమ్మలు నేర్పలేదా?"

"మా అమ్మ నేర్పింది బాబాయీ. వీడికి నేర్పితే చెవిలోంచి కడుపులోకి జారిపోయింది," అన్నాడు సియాకా.

అందరికంటే చిన్నవాణ్ణి నేనే గనక గిన్నె కదలకుండా ఎడమచేత్తో అంచు పట్టుకున్నాను. లువోకి బెండ పులుసు చేతికి చిక్కలేదు. వేళ్ళనుంచి గిన్నె దాకా దారం సాగింది. "పట్టుకునేలోపే పారిపోతోంది!" అన్నాడు. "నమలకు అన్నా, మింగెయ్యి," అన్నాడు సియాకా. అక్క నవ్వాపుకోలేక పక్కకు తిరిగింది. సంకటి మన ఇంట్లో లాగే ఉంది అమ్మా. బిరుసుగా, అడుగు కొంచెం మాడి.

బాబాయి పొట్టేలు మాంసం ముక్కలు విడదీసి ఎవరి ముందు వాళ్ళకు పెట్టాడు. సియాకాకు ఎముక ఉన్న పెద్ద ముక్క పడింది. అప్పటికి అతను మూడు ముద్దలు తిన్నాడు. నాలుగో ముద్ద చేతిలో ఉండగానే ఆగిపోయాడు. చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. చేతికున్న పులుసు చొక్కాకు అంటింది.

"ఊపిరి ఆడ్డం లేదు," అన్నాడు.

"ఆడదు. అంత మింగితే ఎలా ఆడుతుంది?" అన్నాను.

నీకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బక్రీదు నాడు ఇదే గదిలో, ఇదే గిన్నె దగ్గర, ఇలాగే గుండె పట్టుకుని పక్కకు ఒరిగిపోయాడు. బాబాయి కంగారుగా లేచాడు, అక్క నీళ్ళకు పరిగెత్తింది. మేం తిరిగి చూసేసరికి నా ముందున్న కాలేయం ముక్క అతని నోట్లో ఉంది. "చచ్చి తిన్నాను, అడగడానికి వీల్లేదు," అన్నాడు. ఆ కథ ఇక్కడి మనవాళ్ళందరికీ తెలుసు. అన్నయ్యకు కూడా తెలుసు, నేనే ఫోనులో చెప్పాను.

కాబట్టి ఈసారి నేను మోసపోదలచుకోలేదు.

అతను గోడకు జారగిలబడ్డాడు. మొహాన చెమట పట్టింది. అక్క నవ్వుతూనే, "బక్రీదు అయిపోయిందిరా కోనే, కొత్త వేషం వెయ్యి," అంది. బాబాయి కూడా నవ్వాడు. నేను చెయ్యి చాచి అతని ముందున్న మాంసం ముక్క తీసుకున్నాను.

"చావు. నీ ముక్క నేను తింటాను. ఈసారి నా వంతు," అని నోట్లో పెట్టుకున్నాను.

అతను నన్నే చూశాడు. "జుమానా, ఆట కాదు," అన్నాడు.

"కోనేలకు ఆట కానిదేముందిరా?" అన్నాను.

అదే అమ్మా అతని ఆఖరి మాట. నా పేరు పిలిచి, ఆట కాదు అన్నాడు. ఆ తర్వాత పెదవులు కదిలాయి గాని మాట రాలేదు.

లువో లేచి నిలబడ్డాడు. జేబులోంచి ఫోను తీశాడు. "ఇతనికి బాగాలేదు, ఆస్పత్రి బండి పిలుస్తాను," అన్నాడు. నేను అతని మణికట్టు పట్టుకున్నాను. బెండ జిగురు అంటిన చేత్తోనే పట్టుకున్నాను. "కూర్చో అన్నా. నటిస్తున్నాడు. వీళ్ళ జాతే అంత. బండి వస్తే లేచి కూర్చుని నవ్వుతాడు, నీకు జరిమానా పడుతుంది," అన్నాను. అతను విడిపించుకోబోయాడు. నేను వదల్లేదు. అతనికంటే నాకు బలం ఎక్కువ. ఇల్లు వీళ్ళది, తిండి వీళ్ళది, మనిషి వీళ్ళవాడు, వీళ్ళ సంగతి వీళ్ళకే తెలుసు కదా అనుకున్నాడో ఏమో, కూర్చున్నాడు. కూర్చుని సియాకానే చూస్తున్నాడు. నేను నములుతూ నవ్వుతున్నాను. బాబాయీ అక్కా నవ్వడం ఆపేశాక కూడా నేను నవ్వాను. సియాకా ఎప్పుడు నవ్వుతాడా అని చూస్తూ, అతనికంటే ముందు ఆపకూడదని నవ్వాను.

ఎంతసేపో నాకు తెలియదు. అక్క కొద్దిసేపే అంటుంది. గోడ గడియారం చూసింది లువో ఒక్కడే. పదకొండు నిమిషాలు అన్నాడు.

అప్పుడు సియాకా ముందుకు ఒరిగాడు. అతని ఎడమ చెయ్యి గిన్నెలో పడింది. సంకటి మధ్యలో, మణికట్టు దాకా.

ఆ చెయ్యి అక్కడ పడగానే మా ముగ్గురికీ తెలిసిపోయింది. ఏ కోనే అయినా ఎన్ని వేషాలైనా వేస్తాడు, చస్తాడు, బతుకుతాడు, పక్కవాడి మాంసం తింటాడు. గిన్నెలో ఎడమ చెయ్యి మాత్రం పెట్టడు. పెద్దమ్మ పెంచిన బిడ్డ అసలే పెట్టడు. అక్క కేక వేసింది. బాబాయి "లా ఇలాహ" అని కలిమా మొదలుపెట్టి ఆగిపోయాడు. నేను ఆ చెయ్యిని గిన్నెలోంచి తీసి, ఎందుకో తెలియదు, నా చొక్కాతో తుడిచాను. ముందు చేసింది ఆ పని. మనిషిని ఎత్తడం తర్వాత.

లువో ఫోను చేశాడు. నేనూ బాబాయీ సియాకాను మోసుకుని మెట్లు దిగాం. రెండో అంతస్తు మలుపులో నా దవడలో అతని మాంసం ముక్క ఇంకా ఉందని తెలిసింది. ఉమ్మడానికి చేతులు ఖాళీ లేవు. మింగాను.

ఆస్పత్రిలో ఎక్కువసేపు పట్టలేదు. డాక్టరు బయటికి వచ్చి, నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగాడు. బాబాయి "ఇప్పుడే" అన్నాడు. లువో గంట, నిమిషంతో సహా చెప్పాడు. డాక్టరు రాసుకున్నాడు. ముందే తెస్తే బతికేవాడా అని నేను అడిగాను, లువో దాన్ని సరైన చీనాలో అడిగిపెట్టాడు. "బతకవచ్చు, బతకకపోవచ్చు," అన్నాడట. అంతే చెప్పాడు. ఆ మాట పట్టుకుని ముప్పై రోజులుగా ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతున్నాను.

ఇంకొకటి కూడా ఉంది. ఇది అక్కకీ బాబాయికీ తెలియదు. ఆ వారమంతా మూటలు దింపుతూ సియాకా మూడో అంతస్తులో కూర్చుండిపోయేవాడు. గురువారం ఎడమ భుజం లాగుతోందన్నాడు. "అలసందలు తిన్న భుజం, లాగక ఏం చేస్తుంది? లే, నీ యజమాని ఆజ్ఞ," అన్నాను. లేచాడు. నవ్వుతూనే లేచాడు. శుక్రవారం నేను అతని మూట ఒకటి మోశాను, అదీ ఎగతాళి చేస్తూనే. వేరేవాడు ఎవడైనా అయితే డాక్టరు దగ్గరికి పద అనేవాణ్ణి. అతనితో నాకు మామూలుగా మాట్లాడడం రాదు. పుట్టినప్పటినుంచీ ఒక్కసారీ మాట్లాడుకోలేదు అలా.

ఆ సాయంత్రమే బాబాయి సియాకా అన్న సేకూకి ఫోను చేశాడు. "తింటూ తింటూనే పోయాడు. నొప్పి లేదు. ఒక్క మాట కూడా అనలేదు," అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఫోను పెట్టేసి నాకేసి చూసి, "తల్లికి ఇంకేం చెబుతాంరా?" అన్నాడు. నేను తలాడించాను. బాబాయిని తప్పుపట్టకు. ఆయన చెప్పింది తల్లి కోసం. నేను తలాడించింది నా కోసం.

మర్నాడు ఇక్కడి ముస్లిం శ్మశానంలో పూడ్చాం. స్నానం చేయించింది బాబాయి, ఇంకో ఇద్దరు. నన్ను లోపలికి రమ్మన్నారు, నేను వెళ్ళలేకపోయాను. లువో గేటు బయట నిలబడ్డాడు. తిరిగి వచ్చేటప్పుడు "నువ్వెందుకు నా చెయ్యి పట్టుకున్నావు?" అని అడిగాడు. నాకు చీనా భాషలో బరువూ, లెక్కా, రంగూ, రేపూ, ఎగతాళీ వచ్చు. దీనికి మాటలు రావు. ఆ రోజునుంచి అతను పక్కనే మూటలు కుడతాడు, సూది అడిగితే ఇస్తాడు, మాట్లాడడు.

నేను బాగానే తింటున్నాను. నువ్వు బెంగపడతావని రాస్తున్నాను. పిండి ఇంకా సగం సంచీ ఉంది. ఎవరూ అడగలేదు, నేనూ తియ్యలేదు.

ఇప్పుడు అన్నయ్య అడిగినదానికి. నలభయ్యో రోజున దెంబెలేలు కోనేల వాకిట్లోకి వెళ్ళి చచ్చినవాడి వేషం కట్టాలి, వాడు చావలేదు, నటిస్తున్నాడు, లేవండి అని ఏడుస్తున్నవాళ్ళను నవ్వించాలి. మనం చెయ్యకపోతే కోనేలకు అవమానం. నాకు తెలుసు. నాన్న చేసేవాడు, అన్నయ్య అంతకంటే బాగా చేస్తాడు. అన్నయ్య బక్రీదు నాటి వేషమే కడదామనుకుంటున్నాడని తెనిన్ ఉత్తరం చివర రాసింది. గుండె పట్టుకుని పడడం, లేచి మాంసం లాక్కోవడం. అమ్మా, అది చెయ్యనివ్వకు. నటిస్తున్నాడు అన్న మాట మన ఇంట్లో ఎవరూ ఆ వాకిట్లో అనొద్దు. అది నేను అన్నాను, అతను బతికి ఉండగా. సియాకా ఫుట్‌బాల్ ఆడుతూ చెప్పు ఊడి పరిగెత్తినట్టు కట్టమను, పాట తప్పు పాడినట్టు కట్టమను. వేరే ఏదైనా సరే.

కాదియక్క గురువారం బయలుదేరుతోంది. ఈ ఉత్తరం తనే తెస్తుంది. నలభయ్యో రోజుకు నాలుగు రోజుల ముందే చేరుతుంది. నేను రాసింది తనకు చదివి వినిపించాను. భుజం సంగతి దగ్గర తలెత్తి నాకేసి చూసింది. చివరికి, "నేనూ నవ్వాను. అది కూడా రాయి," అంది. రాశాను.

ఇప్పుడు నిన్ను అడిగేది. అక్కను వెంటబెట్టుకుని వొరోకియా పెద్దమ్మ దగ్గరికి వెళ్ళు. నలభయ్యో రోజుకు ముందే వెళ్ళు, జనం లేనప్పుడు. ఈ ఉత్తరం ఆమెకు కూడా చదివించు. కొడుకు ఆఖరి మాట ఆమెకు చెందినది, నా దగ్గర ఉంచుకోకూడదు. నేను నవ్వింది, లువో చెయ్యి పట్టుకుంది, ముక్క తిన్నది, ఒక్కటీ వదలొద్దు.

ఆమె ఏమంటుందో నాకు తెలుసు. దెంబెలేల మీద కోనేలు కోపం పెట్టుకోకూడదు గనక, కళ్ళు తుడుచుకుని "నా బానిస మళ్ళీ తప్పు చేశాడు" అంటుంది. అందరూ హమ్మయ్య అనుకుంటారు. నువ్వు కూడా అనుకుంటావు. అలా కానివ్వకు. ఉత్తరం చదవకముందే ఆమెకు చెప్పు, జుమానా దీన్ని దెంబెలేగా రాయలేదు, నీ కొడుకు పక్కన కూర్చుని తిన్నవాడిగా రాశాడు అని. ఆమె తిట్టదలచుకుంటే నిజంగా తిట్టనివ్వు. మన ఇంటికి రావడం మానేస్తే మానెయ్యనివ్వు. పెద్దలు ఎవరైనా పాత మర్యాద గుర్తుచెయ్యబోతే నువ్వు అడ్డుపడు. ఆమె ఏమందో తెనిన్ చేత రాయించు. తగ్గించి రాయించకు. జవాబు వచ్చేదాకా నేను ఇక్కడే ఉంటాను. రావొద్దంటే రాను. రమ్మంటే వచ్చి ఆమె వాకిట్లో కూర్చుంటాను, ఎన్నాళ్ళయినా.

ఇట్లు,
నీ కొడుకు,
జుమానా.